ఆగితే ఆరిపోయే దీపం

పాత సైకిళ్లకు చక్రం పక్కన చిన్న సీసాలా డైనమో ఉండేది. దాని తలను టైరుకు ఆనిస్తే గుర్రుమంటూ తిరిగేది, ముందు దీపం పచ్చగా వెలిగేది. తొక్కినంతసేపే వెలుగు. నాలుగు రోడ్ల దగ్గర కాలు కింద పెట్టగానే దీపం ఆరిపోయేది. లారీ డ్రైవరుకు తప్పక కనిపించాల్సిన చోటే సైకిలు చీకట్లో కలిసిపోయేది. ఆ తర్వాత ఆగినా కాసేపు వెలిగే దీపాలు వచ్చాయి. వరంగల్ సందుల్లో ఇప్పుడు చాలామందికి ఆ డైనమో కూడా లేదు. చొక్కా జేబులో ఫోను టార్చి వేసుకుని తొక్కుతారు. ఆ వెలుగు దారి మీద కంటే గడ్డం మీదే ఎక్కువ పడుతుంది.

ఈ నగరానికి సైకిలు కొత్త కాదు, గుర్తింపూ లేకపోలేదు. కేంద్రం 2020లో మొదలుపెట్టిన 'ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్' పోటీలో గెలిచిన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ ఆ జాబితాకెక్కింది ఇదొక్కటే. నగరం గర్వపడాల్సిన మాటే. అయితే ఆ సంబరమంతా పొద్దుటి సైకిలుది. కోడి కూయకముందే ఎనుమాముల మార్కెట్‌కు బయలుదేరే హమాలీ, హోటల్ కట్టేశాక ఇల్లు చేరే వంటమనిషి, రాత్రి డ్యూటీకి పోయే వాచ్‌మన్: సైకిలు వీళ్లకు వ్యాయామం కాదు, బతుకుదెరువు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. పైన సోలార్ కప్పు, రాత్రికి దీపాలు. చూడముచ్చటైన పనే. కానీ ముందు వెలుగు అందాల్సింది కూలికి వెళ్లే దారికి.

సైకిలు రిఫ్లెక్టర్ల నాణ్యతకు 2020లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. అది మంచిదే, అవసరమే. అయితే రిఫ్లెక్టర్ సైకిలును ఇతరులకు చూపిస్తుందే తప్ప, తొక్కేవాడికి గుంతను చూపించదు. ఎదురుగా బండి రాని సందులో అది మెరవడానికి వెలుగే ఉండదు. వస్తే ఇంకో బాధ. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఒక్క హైబీమ్ ఆ అలవాటునంతా చెరిపేస్తుంది. ఆ కొన్ని క్షణాలూ అతను గుడ్డిగానే తొక్కుతాడు.

నగరపాలక సంస్థ (బల్దియా) ఇంజినీర్లు ఒక్క రాత్రి సైకిలెక్కి తిరగాలి. కార్లో వెళ్తే ఈ చీకటి తెలియదు, హెడ్‌లైట్లు దాన్ని దాచేస్తాయి. ఏ స్తంభానికి బల్బు లేదో, ఏ దీపాన్ని వేపకొమ్మ కప్పేసిందో, ఎక్కడ వెలుగు నేల మీద కాక కళ్లల్లో పడుతోందో వార్డులవారీగా రాసుకోవాలి. కొమ్మ కొట్టడానికి, బల్బు మార్చడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు.

ఆ తిరుగుడేదో వానాకాలానికి ముందే జరగాలి. నీళ్లు నిలిచాక గుంతా రోడ్డూ ఒక్కలాగే కనిపిస్తాయి.