ఆ బొమ్మలు వేసినవాళ్ళ పేర్లేవి?

2021 జులైలో అమెరికాలో జరిగిన ఒక వేలంపాటలో 'సూపర్ మారియో 64' పెట్టె ఒకటి 15 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటి మారకం లెక్కలో మన రూపాయల్లో పదకొండు కోట్లు దాటింది. పాత వీడియో గేముల పెట్టెలకు ఇన్నాళ్ళకు విలువ దక్కిందని చాలామంది సంతోషించారు. నాకు మాత్రం కడుపు మండింది. కొన్నవాళ్ళు డబ్బు పోసింది చిరగని ప్లాస్టిక్ కాగితానికి, దాని కొత్తదనానికి ఒక సంస్థ వేసిన మార్కులకు. పెట్టె మీద బొమ్మ ఎలా ఉందన్నది ఆ బేరంలో లెక్కకే రాలేదు. మూలలు అరిగి, మూత ఊడి, అద్భుతమైన చిత్రం మోస్తున్న పెట్టెలు మరోపక్క చిత్తుకాగితాల్లో కలిసిపోతూనే ఉన్నాయి. కంపెనీలు వాటిని పొట్లం కాగితంలాగే చూశాయి. కొన్న పిల్లలు ఇల్లు చేరేలోపే చించేశారు, అమ్మలు అటక మీంచి తీసి పారేశారు. పిల్లల్నీ అమ్మల్నీ నేనేమీ అనను. అచ్చు వేసి అమ్ముకున్నవాళ్ళను మాత్రం అనకుండా ఉండలేను.

ఆ పెట్టె చేసిన పనేమిటో తెలియాలంటే 1977కు వెళ్ళాలి. ఆ ఏడాది అటారీ కంపెనీ టీవీకి తగిలించుకుని ఇంట్లో ఆడుకునే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. తర్వాతి రోజుల్లో దాన్ని అటారీ 2600 అన్నారు. ఆట నడుస్తున్నంతసేపూ లెక్కలు గుర్తుంచుకోవడానికి దానికి ఉన్న మెమరీ 128 బైట్లు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వాక్యం కూడా అందులో పట్టదు. అంత ఇరుకులో ప్రోగ్రామర్లు యుద్ధాలు, పందేలు, అంతరిక్షం అన్నీ నడిపారు. తెర మీద విమానమంటే మెట్లు మెట్లుగా తెగిన ఒక ముద్ద. బంతి అంటే చుక్క. మనిషంటే, కొన్ని ఆటల్లో, ఉత్త చదరం.

ఆ చదరానికి ముఖాన్నీ భయాన్నీ తొందరనీ ఇచ్చింది చిత్రకారులు. అటారీ తొలి పెట్టెల మీది బొమ్మల్లో చాలావాటిని క్లిఫ్ స్పోన్ వేశాడు. 'కంబాట్', 'ఎయిర్ సీ బ్యాటిల్' పెట్టెలు చూడండి. ఒకే చట్రంలో నాలుగైదు సంగతులు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. ఎక్కడ ఒక దృశ్యం ముగిసి ఇంకోటి మొదలైందో గీత గీసి చూపించలేం. నిశ్చలంగా ఉన్న అట్ట మీద కదలిక పుట్టించడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి అది. అటారీకి తర్వాత బొమ్మలు వేసినవాళ్ళు కూడా చాలావరకు ఆ దారిలోనే నడిచారు. 1982లో 'యార్స్ రివెంజ్' వచ్చింది. తెర మీద ఒక ఈగలాంటి ఆకారం గోడను కొరుకుతూ ఉంటుంది, అంతే. హిరో కిమురా దాన్ని లోహపు ఒళ్ళున్న పురుగుగా పెట్టె మీద నిలబెట్టాడు. కోపంతో మెరిసిపోతుంటుంది అది. పెట్టెలో ఒక చిన్న కామిక్ పుస్తకం కూడా పెట్టారు. ఆ ఈగ ఎవరు, ఎవరి మీద పగ పట్టింది, ఎందుకు పట్టిందన్నది అందులో ఉంది. యంత్రంలో పట్టని కథను కాగితం మోసింది. ఆడే పిల్లవాడు ఆ బొమ్మను ఒకసారి కళ్ళనిండా చూసి, దాన్ని మనసులో పెట్టుకునే తెర వైపు తిరిగేవాడు. అందుకే ఆ పెట్టెను ఆటలో సగం అంటాను. ఆ సగాన్ని పారేసి మిగిలిన సగాన్ని భద్రపరిచాం అనుకోవడం చరిత్రకు అన్యాయం.

'పెట్టె మీద ఒకటి, లోపల ఒకటి, జనాన్ని మోసం చేశారు' అనే నింద ఈ చిత్రాల మీద ఎప్పటినుంచో ఉంది. నాకు బొత్తిగా మింగుడుపడని మాట ఇది. మొదటి ఆట కొన్న రోజు సాయంత్రమే తెర మీద ఏముంటుందో ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. తెలిసీ వాళ్ళు రెండోదీ మూడోదీ కొన్నారు. మోసపోయినవాళ్ళు చేసే పని కాదది. 1983లో అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలడానికి కూడా కొందరు ఈ బొమ్మలను కారణంగా చెబుతారు. నాసిరకం ఆటలు వరదలా వచ్చిపడ్డాయి, అమ్మగలిగినదానికంటే ఎక్కువ క్యాట్రిడ్జ్‌లు తయారుచేశారు, కొట్లవాళ్ళు సరుకు తిప్పి పంపేశారు. బొమ్మలు వేసినవాళ్ళు ఇందులో చేసిన నేరమేమీ నాకు కనిపించదు. ఆ దెబ్బ తర్వాత 1985లో నింటెండో న్యూయార్క్‌లో అడుగుపెట్టినప్పుడు నల్లటి పెట్టెల మీద ఆటలోని బొమ్మలనే చుక్కలు కనిపించేలా పెద్దవి చేసి అచ్చు వేసింది. లోపల ఏముందో బయటా అదే. ఆ నిజాయితీని నేనూ మెచ్చుకుంటాను. కాకపోతే అప్పటికి యంత్రాలు మారాయి, మారియోను మారియోగా చూపించగలిగాయి. ఒంటరి చదరాన్ని పెద్దది చేసి అట్ట మీద వేస్తే ఏ పిల్లవాడు చెయ్యి చాస్తాడు?

'మెగా మ్యాన్' సంగతి వేరు. జపాన్‌లో 1987లో వచ్చిన ఆ ఆటలో నాయకుడు నీలిరంగు రోబో కుర్రాడు. అమెరికా పెట్టె మీద నడివయసు మనిషొకడు పిస్తోలు పట్టుకుని వంకరగా నిలబడి ఉంటాడు. పాత పెట్టెల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని ముందుకు తెస్తారు, అందరూ నవ్వుతారు. బొమ్మ బాగాలేదు, ఒప్పుకుంటాను. దానికి దక్కిన ప్రచారంలో పదో వంతు టామ్ డుబోయ్ వేసిన 'క్యాసిల్‌వేనియా 3' బొమ్మకో, 1989లో 'షాడో ఆఫ్ ది బీస్ట్' పెట్టెకు రోజర్ డీన్ వేసిన చిత్రానికో దక్కి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేసేది 'అడ్వెంచర్' కథ. అటారీకి 1980లో ఆ ఆట రాసింది వారెన్ రాబినెట్. ప్రోగ్రామర్ల పేర్లు వేయడానికి కంపెనీ ఇష్టపడలేదు. ఆయన ఎవరికీ చెప్పకుండా ఆటలో ఒక రహస్యపు గది కట్టి, అందులో తన పేరు రాసుకున్నాడు. కంటికి ఆనీ ఆనని చుక్క ఒకటి వెతికి పట్టుకుంటేనే ఆ గదిలోకి దారి దొరుకుతుంది. ఈ కథను వీడియో గేముల గురించి రాసిన ప్రతివాళ్ళూ రాశారు. 2018లో స్పీల్‌బర్గ్ తీసిన 'రెడీ ప్లేయర్ వన్' సినిమా పతాక సన్నివేశం కూడా దాని మీదే నడుస్తుంది. రాబినెట్‌కు ఆ గౌరవం న్యాయంగా రావలసిందే. పేరు దక్కకపోవడం మీద అసంతృప్తితో అటారీలోని నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టుకున్నారు. ఆట రాసినవాళ్ళ పేరును జనానికి చెప్పే ఆనవాయితీ అక్కడ మొదలైంది. వాళ్ళ పోరాటం గెలిచింది.

అదే 'అడ్వెంచర్' పెట్టె మీద బొమ్మ వేసిన చిత్రకారిణి సూసన్ జేకల్. తెర మీద బాతులా కనిపించి నవ్వు తెప్పించే డ్రాగన్ ఆమె చేతిలో నిజమైన డ్రాగన్ అయింది. రంగు దిమ్మెల కోట నిజమైన కోట అయింది. రాబినెట్ పేరు చూడాలంటే రహస్య గది వెతకాలి, జేకల్ బొమ్మ మాత్రం ఆట కొన్న ప్రతి ఇంట్లోనూ చేతికందింది. ఇవాళ ఆ ఆట పేరు చెబితే రాబినెట్ కథ చెప్పేవాళ్ళు ఎందరో ఉన్నారు, జేకల్ పేరు ఎత్తేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అటారీ చిత్రకారుల పేర్లు, పనులు ఒకచోట చేరిన పెద్ద పుస్తకం, టిమ్ లాపెటినో రాసిన 'ఆర్ట్ ఆఫ్ అటారీ', వచ్చింది 2016లో. మొదటి పెట్టె అమ్మిన 39 ఏళ్ళకు.

మనకూ ఇందులో ఒక నష్టం ఉంది. తొంభైల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో టీవీ గేమ్ ఉన్న ఇంట్లో 'కాంట్రా' లేకపోవడం అరుదు. మన చేతికి వచ్చింది కేసెట్ ఒక్కటే. దాని మీద మసకబారిన కాగితం ముక్క, అందులో ఏవేవో సినిమాల బొమ్మలు కలగలిపి ఉండేవి. అసలు పెట్టెను మనం చూడలేదు. బ్రిటన్‌లో ఓషన్ సాఫ్ట్‌వేర్ ఆ ఆటను 'గ్రైజర్' పేరుతో ఇంటి కంప్యూటర్లకు తెచ్చినప్పుడు ముఖచిత్రం వేసింది బాబ్ వేక్‌లిన్. ఆ చిత్రమే 1988లో నింటెండో 'కాంట్రా' పెట్టె మీదికి ఎక్కింది. మనం భుజాలు నొప్పెట్టేలా ఆడిన ఆ ఇద్దరు సైనికులకు కండలు, చూపు, తెగింపు ఇచ్చిన మనిషాయన. 2018లో చనిపోయాడు. ఆ ఆట ఆడి పెరిగిన మన తరంలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? చందమామ అట్ట మీద వడ్డాది పాపయ్య సంతకం వెతుక్కున్న జాతి మనది. బాపు ముఖచిత్రం ఉందని నవల కొన్న ఇళ్ళు మనవి. బొమ్మ వేసినవాళ్ళను పేరు పెట్టి గుర్తుంచుకోవడం మనకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. అందుకే ఈ మరుపు నన్ను ఇంకా ఎక్కువ బాధిస్తుంది.

బొమ్మ ఒక్కటే కాదు, పెట్టె మొత్తాన్నీ పోగొట్టుకున్నాం. ఇన్ఫోకామ్ సంస్థ 1982లో 'డెడ్‌లైన్' అనే హత్య కేసు ఆట తెచ్చింది. రాయాల్సిన వివరాలన్నీ ఫ్లాపీలో పట్టలేదు. దాంతో సాక్షుల వాంగ్మూలాలు, ప్రయోగశాల నివేదిక, హత్యాస్థలం ఫోటో, ఆఖరికి మాత్రల పొట్లం కూడా పెట్టెలో పెట్టి ఇచ్చారు. కొన్నవాళ్ళు బల్ల మీద అవన్నీ పరుచుకుని డిటెక్టివులయ్యారు. ఆ ఫైలు పోతే ఆట అసంపూర్ణం. ఇప్పుడు 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో కొన్ని ఆటల కార్డులో ఆట ఉండదు, దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. చాలా ఆటలకు అదీ లేదు, ఫోన్ తెర మీద గోరంత చదరంలో ఇమిడిపోయిన బొమ్మే ముఖచిత్రం. దాన్ని వేసినవాళ్ళు కూడా కష్టపడే వేస్తున్నారు.

పాత ఆటలను మళ్ళీ అమ్ముకుంటున్న కంపెనీలను నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. 2022లో వచ్చిన 'అటారీ 50' సంకలనం పాత పెట్టెలను, కాగితాలను ఆటల పక్కనే పెట్టి చూపించింది, కనక అది చేయగలిగిన పనే. అసలు ముఖచిత్రాన్ని పూర్తి పరిమాణంలో ఇవ్వండి. లోపలి కాగితాలన్నీ స్కాన్ చేసి జోడించండి. ప్రోగ్రామర్ పేరున్న వరుసలోనే, అంతే అక్షరాల్లో, చిత్రకారుల పేర్లు వేయండి. మ్యూజియంవాళ్ళు క్యాట్రిడ్జ్‌కు ఒక అంకె, పెట్టెకు ఒక అంకె, చిత్రకారులకు ఒక గడి కేటాయించండి. వేలంపాటలవాళ్ళు ప్లాస్టిక్ కాగితానికి మార్కులు వేసే ముందు దాని కింద ఉన్న బొమ్మ ఎవరిదో ఒక్క వాక్యం రాయండి. మీ ఇంటి అటక మీద పాత కంప్యూటర్ గేమ్ అట్టపెట్టె ఏదైనా ఉంటే మడతపెట్టి కాగితాలవాడికి వేయకండి, నాలుగు వైపులా ఫోటో తీయండి, ఏ మూలనైనా చిన్న సంతకం ఉందేమో చూడండి. బొమ్మలు వేసినవాళ్ళలో కొందరు పోయారు, మిగిలినవాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు. వాళ్ళు బతికుండగానే ఈ పని జరగాలి.