గొట్టం ఎప్పుడు వేశారో రాసిపెట్టండి

పోయిన మంగళవారం మా ఇంటి ముందు కేబుల్ కోసం తవ్వుతుంటే జేసీబీ బకెట్ తాగునీటి గొట్టానికి తగిలింది. నీళ్లు నిలువెత్తున చిమ్మాయి. పనివాళ్లలో ఒకతను శ్రీకాకుళం వైపు మనిషి. చిల్లుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తీగతో బిగించి, పైన మట్టి కప్పేశాడు. ‘‘ఇక్కడ గొట్టముందని తెలీదా బాబూ?’’ అన్నాను. ‘‘తవ్వితేనే కదమ్మా తెలిసేది’’ అన్నాడు. అతన్నేం అనను. అతని చేతికి ఎవరూ మ్యాపు ఇవ్వలేదు.

ఆ మాట వారమంతా నన్ను వదల్లేదు. నాగపూర్ నుంచి ఝార్సుగూడ వైపు గెయిల్ గ్యాస్ లైను మన ఛత్తీస్‌గఢ్ మీదుగానే వెళ్తోంది. ఇవాళ కాకపోతే రేపు మా రాయ్‌పూర్ వీధుల కిందా గ్యాస్ గొట్టాలు పడతాయి. పడనివ్వండి, ఆడవాళ్లకి సిలిండరు కోసం ఎదురుచూపులు తప్పుతాయి. కానీ నీళ్ల గొట్టానికి చుట్టిన సైకిల్ ట్యూబు గ్యాస్ గొట్టానికి పనికిరాదు.

కోనసీమలోని నగరం గ్రామాన్ని తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. 2014 జూన్ 27, తెల్లవారుజాము. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి వెళ్లే 18 అంగుళాల గ్యాస్ లైను ఊరి మధ్యే పేలింది. 20 మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపారు. ఆ తడి లోపల చేరి ఉక్కును తినేసింది. వాసనొస్తోందని ఊరివాళ్లు ముందే మొత్తుకున్నారు. తుప్పు ఒక్క రాత్రిలో పట్టదు. మార్చడానికి ఏళ్ల వ్యవధి ఉండగా మార్చలేదు, నా కోపమంతా దానిమీదే.

ఇప్పుడు వేసేవి ప్లాస్టిక్ గొట్టాలు, తుప్పు పట్టవు అంటారు. స్కాట్లాండులోని లార్క్‌హాల్‌లోనూ కాగితాల మీద ప్లాస్టిక్కే ఉంది. నేలలో ఉన్నది తుప్పుపట్టిన ఇనుము. 1999 డిసెంబరులో దాన్లోంచి కారిన గ్యాసు పేలి ఒక ఇంట్లో నలుగురూ చనిపోయారు. గ్యాస్ కంపెనీకి కోర్టు 1.5 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. ఇళ్లకు 30 మీటర్లలోపున్న ఇనుప గ్యాస్ గొట్టాలన్నీ 30 ఏళ్లలో మార్చెయ్యాలని 2002లో బ్రిటన్ పని మొదలుపెట్టింది. కాలిఫోర్నియాలో శాన్ బ్రూనో సంగతీ అంతే. 1956లో వేసిన గ్యాస్ గొట్టానికి అతుకే లేదని రికార్డుల్లో రాసుకున్నారు. 2010లో ఆ అతుకే విచ్చుకుని ఎనిమిది మంది చనిపోయారు.

అందుకే ఏళ్లుగా ఒకే పాట పాడుతున్నాను, విసుక్కున్నా సరే: ఏ వీధి కింద ఏముంది, ఏ సంవత్సరం వేశారు, ఎప్పుడు మార్చాలి అన్నది వేసిన రోజే రాసి వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. టెండరు అంకె, ప్రారంభోత్సవం చేసినవారి పేరు రాతిమీద చెక్కిస్తున్నారు కదా, పక్కనే గొట్టం ఎంత లోతునుందో కూడా చెక్కించండి.

గ్యాసు దాకా ఎందుకు, తాగే నీళ్ల సంగతే చూడండి. మురుగుకాలువలోంచి నీళ్ల గొట్టం వెళ్తుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంజనీరే కానక్కర్లేదు. 2018 వేసవిలో ఇదే ఊళ్లో నహర్‌పారాలో పచ్చకామెర్లు ప్రాణాలు తీశాయి. ఖారున్ నది నీళ్లు ఎంత శుద్ధి చేసి పంపితే ఏం లాభం, ఇంటి గడప ముందు మురుగులో తడిసిన పాత గొట్టం ఉన్నాక? తారు రోడ్లు మాత్రం ఏటేటా కొత్తగా వేస్తున్నారు, మళ్లీ తవ్వుతున్నారు. తవ్విన ఆ నాలుగు రోజుల్లోనైనా కిందున్న పాత గొట్టాన్ని తీసి కొత్తది వెయ్యొచ్చు కదా!

శ్రీకాకుళం అబ్బాయి వెళ్లిపోయాక నేనే టేపు పట్టుకుని కొలిచాను. వేపచెట్టు నుంచి నాలుగడుగులు, మా గేటు నుంచి ఏడు, లోతు మూడు. తేదీ వేసి కాగితం మీద రాశాను, సైకిల్ ట్యూబు సంగతితో సహా. సోమవారం వార్డు ఆఫీసుకి తీసుకెళ్తున్నాను. అందినట్టు సంతకం పెట్టేదాకా అక్కణ్నుంచి కదలను.