పిల్లలు ఆడుకొనే వీధులు



పట్నంలోనే అన్నీ ఉన్నాయని మా పానగల్ యువకులు ఊరు విడిచి వెళ్తుంటారు. అయితే ఆ పట్నం దేనికొరకు ఆశపడిందో చూడండి. 2021 ఆగస్టు చివరిలో హైదరాబాదులో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలను ఆపసాగారు. హుస్సేన్‌సాగర్ కట్టపై కుటుంబాలు భయం లేకుండా నడిచాయి.

మాకును ఉదయసముద్రం చెరువు ఉంది, గల్లీల్లో అరుగులున్నాయి. కాని భయం లేని నడక ఇంకా మిగిలిందా? మొన్న కూటానికి ఆలస్యమైందని నేనే గల్లీలో మోటారు సైకిలు వేగంగా నడిపాను. గోలీలాడే పిల్లలు చెదిరిపోయారు. అరుగు మీది అవ్వ, "అయ్యగారూ, పిలగాండ్లున్నరు, పైలం!" అన్నది. ఆ దినం ఆమె మాటే నాకు ప్రసంగమైంది.

జెకర్యా 8వ అధ్యాయం చదవండి. దేవుడు బాగుచేసే యెరూషలేము వీధుల్లో ప్రవక్త చూపించినది చేతికర్రతో కూర్చున్న వృద్ధులను, ఆడుకొనే బాలబాలికలను.

ఆసుపత్రికి, కాలేజీకి బండి కావలసిందే, కాదనను. దగ్గరి పనికి మాత్రం నడిచి వెళ్దాం. గల్లీలో వేగం తగ్గిద్దాం. పట్నం వారానికొక్క సాయంత్రం తెచ్చుకొన్న భాగ్యాన్ని మనం ప్రతిదినం కాపాడుకొందాం.