కార్డు కొనకు మావా, ప్లేస్ మార్చు

మన హాస్టల్లో ఈ-ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో చాలామందికి అటాక్ అంటే ఒకటే ప్లాన్. క్విక్ కౌంటర్ పెట్టడం, బాల్ దొరకగానే త్రూ బాల్ వెయ్యడం, స్ట్రైకర్‌ని పరిగెత్తించడం. గోల్ పడకపోతే తప్పు ప్లాన్‌ది కాదట, స్ట్రైకర్‌దట! ఇంకా స్పీడున్నవాడు కావాలంటారు. వాడికి కాయిన్లు కావాలి, కాయిన్లకి ఇంటి నుంచొచ్చిన మెస్ డబ్బులు కావాలి. నా అభ్యంతరం ఇక్కడే.

మాది కె.గంగవరం. కొబ్బరి తోటల పక్కన మేం ఆడింది క్రికెట్, వాలీబాల్. ఫుట్‌బాల్ నాకు ఫోన్లోనే పరిచయం. అయినా ఒక విషయం అర్థమైంది: త్రూ బాల్ పనిచేసేది డిఫెండర్ల వెనక ఖాళీ ఉన్నప్పుడే. అవతలివాడు నలుగురినీ బాక్స్ దగ్గరికి దింపేస్తే ఎంత స్పీడున్నా పరిగెత్తడానికి చోటేది?

ఆ చోటు మనమే తయారుచేయాలి. వింగర్లని లైన్ పక్కనే ఉంచితే వాళ్ల డిఫెన్స్ సాగి మధ్యలో సందులు పడతాయి. స్ట్రైకర్‌ని కాస్త వెనక్కి రప్పిస్తే సెంటర్ బ్యాక్ తరచూ వెంటపడతాడు, అతను వదిలిన చోటులోకి మిడ్‌ఫీల్డర్‌ని పంపొచ్చు. పాస్ ఇచ్చినవాడు నిలబడిపోకుండా ముందుకి కదలాలి. గోల్ లైన్ దాకా వెళ్లాక ఇరుకు యాంగిల్ నుంచి షాట్ కొట్టకుండా, వెనక నుంచి వస్తున్నవాడికి బాల్ ఇవ్వాలి. వీటిలో ఒక్కదానికీ కాయిన్ అక్కర్లేదు.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టు కోచ్‌గా డ్రిబ్లింగ్ కన్నా చకచకా పాసులకే విలువిచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి చివరికి నాలుగో స్థానంలో నిలిచారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో అయితే తలకి దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం ఫార్వర్డ్‌గా దింపారు. అతను గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు. రహీం కొత్త ప్లేయర్‌ని కొనలేదు, ఉన్నవాడి ప్లేస్ మార్చారు.

"అదే 1956 సెమీస్‌లో యుగోస్లేవియా చేతిలో 4-1తో ఓడిపోయారుగా" అంటారేమో. నిజమే. ప్లేయర్ల సత్తాకి విలువ లేదని నేననట్లేదు. ఒక్కోసారి అవతలి టీమ్ నిజంగానే మనకన్నా గట్టిది. కానీ హాస్టల్లో మనం ఓడే మ్యాచులన్నీ అలాంటివేనా? రీప్లే చూడండి. పదిసార్లు ఒకే త్రూ బాల్ వేసి పదిసార్లూ బాల్ పోగొట్టుకుంటే, దానికి యుగోస్లేవియా పేరు చెప్పడం కుదరదు.

పైగా ప్యాక్‌లో ఎవడొస్తాడో గ్యారంటీ లేదు. డబ్బులు మాత్రం గ్యారంటీగా పోతాయి. మొన్న ఒక జూనియర్ "ఫ్రీ టీమ్‌తో ఆడేం లాభం అన్నా" అని గేమే మానేశాడు. ఆ మాట వాడికి నేర్పింది సీనియర్లమైన మనమే.

అందుకే ఈసారి హాస్టల్ టోర్నమెంట్‌కి ఒక రూల్ పెడదాం: డబ్బు పెట్టి తెచ్చిన కార్డులు వద్దు, ఫ్రీగా వచ్చినవాళ్లతోనే ఆడాలి. ఎవరికి అటాక్ వచ్చో, ఎవరికి షాపింగ్ వచ్చో మొదటి రౌండ్‌లోనే తేలిపోతుంది.