తాబేళ్ళ దీవులకు చిన్న ఓడ

పసిఫిక్ మహాసముద్రంలో, ఈక్వెడారు తీరానికి సుమారు 1000 కిలోమీటర్ల దూరాన గలాపగోస్ దీవులున్నవి. అన్నీ అగ్నిపర్వతాలు పుట్టించినవే. పదహారుమంది పట్టే చిన్న ఓడలలో వెళ్ళి అక్కడి జంతువులను చూచివస్తారు. ప్రవేశ రుసుమే 2024 ఆగస్టు నుంచి చాలామంది విదేశీయులకు 200 డాలర్లు. మా బోటి గుమాస్తాలు చదివి ఆనందించవలసిందే!

ఒడ్డున దిగాక పెత్తనం మనది కాదు. గైడు వెంటలేనిదే తిరగరాదు. జంతువుకు 2 మీటర్ల ఎడంగా నిలవాలి. సముద్రసింహం దారికడ్డంగా పడుకుంటే మనమే తప్పుకోవాలి. విత్తనాలు, పండ్లు తేకుండా సామాను సోదా చేస్తారు. మామిడిపండ్ల బుట్ట లేనిదే రైలెక్కని మనవాళ్ళకు ఇది కష్టమే.

ఇంత కట్టడి ఎందుకంటారా? పూర్వపు ఓడలవాళ్ళు అక్కడి పెద్ద తాబేళ్ళను బ్రతికుండగానే ఓడలో వేసుకుపోయేవారు. తిండీ నీరూ లేకున్నా అవి నెలల తరబడి బ్రతుకుతవి గనుక, కావలసినప్పుడు కోసుకొనేవారు. పింటా దీవిలో 1959లో వదలిన మేకలు మిగిలిన పచ్చికంతా మేసివేసినవి. 1971లో అక్కడ ఒకే ఒక మగతాబేలు కనబడింది. దానికి జార్జి అని పేరుపెట్టి, శాంటాక్రూజ్ దీవికి తెచ్చి సాకినారు. దగ్గరి జాతుల ఆడతాబేళ్ళను జతచేర్చినారు. గుడ్లు పెట్టినవిగాని ఒక్క పిల్లా రాలేదు. 2012 జూన్‌లో జార్జి పోయింది. ఆ జాతి అంతటితో సరి.

ఇప్పుడు దాని తోలుబొమ్మ శాంటాక్రూజ్‌లో అద్దాల వెనుక ఉన్నది. ఓడలవాళ్ళు అది చూడటానికీ జనాన్ని దింపుతారు.