సమస్య ఎవరిది?

ఆ మధ్య ఒక కళాశాలలో కవితా శిక్షణ శిబిరానికి వెళ్ళాను. ‘వెన్నెల, వేణువు, వాన, వియోగం’ అని నాలుగు మాటలిచ్చి పావుగంటలో కవిత రాయమన్నారు. ఇదేదో కొత్త విద్య అని నిర్వాహకుల భ్రమ! మన అవధానాల్లోని దత్తపది ఇదే కదా.

దత్తపదిని, సమస్యాపూరణాన్ని నేను చిన్నచూపు చూడను. చెయ్యి తిరగాలంటే సాము చెయ్యవలసిందే. శ్రీశ్రీ అంతటివాడు ప్రాసక్రీడలు ఆడాడు. నా తగవు సాముతో కాదు, పృచ్ఛకుడితో. అతడు అడిగినదానికి కవి జవాబు చెప్పాలి, ఎదురుప్రశ్న వెయ్యగూడదు. జమీందారీలు పోయినా ఆ సభామర్యాద మాత్రం పోలేదు.

ఆ శిబిరంలో ఒక అమ్మాయి వాన అనగానే కల్లంలో తడిసిన ధాన్యం గురించీ, తరుగు తీసిన మిల్లు యజమాని గురించీ రాసింది. విషయం దారి తప్పిందని పక్కన పెట్టారు. దారి తప్పింది విషయమా, శిబిరమా? ఆ పిల్ల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మళ్ళీ నోరు విప్పలేదు.

1910లో ‘ముత్యాల సరములు’ రాసిన గురజాడకు ఆ నడక ఏ పృచ్ఛకుడిచ్చాడు? అక్కడా నియమం ఉంది, మాత్రల లెక్క ఉంది. పెట్టుకున్నది ఆయనే.

ఈసారి మాటలు ఆ అమ్మాయినే ఇవ్వమందాం: తేమ, తూకం, తరుగు, తాకట్టు. నిర్వాహకులూ కూర్చుని రాయాలి. పావుగంట చాలదంటారా? అరగంట ఇద్దాం.