పాలకు గీసిన గీత పత్తికేదీ?

2025 ఆగస్టు 7న, అమెరికా అధ్యక్షుడు ట్రంప్ మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచుతూ ఉత్తర్వు ఇచ్చిన మర్నాడు, ప్రధాని మోదీ ఢిల్లీలో ఒక మాట అన్నారు. రైతులు, పాడి రైతులు, మత్స్యకారుల విషయంలో రాజీ పడేది లేదన్నారు. పన్నెండు రోజులు గడవగానే, బట్టల మిల్లులకు పత్తి చవగ్గా దొరకాలని, విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు.

ఆ తేదీలను మా జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ పత్తి చేలల్లో నిలబడి చదవాలి. ఇక్కడ పత్తి ఏరుడు ఊపందుకునేది అక్టోబర్‌లో. సుంకం మళ్లీ వచ్చేదాకా పత్తిని ఇంట్లో పెట్టుకుని కూర్చోగలడా కౌలు రైతు? ఎరువుల దుకాణం బాకీ ఆగుతుందా?

మద్దతు ధర ఉంది కదా అంటారు. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు ఉండింది, నిజమే. తేమ 12 శాతం దాటితే మాత్రం భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. ఆ అక్టోబర్ ఆఖరున మొంథా తుపాను ఓరుగల్లు ప్రాంతాన్ని ముంచెత్తింది. చేలోనే నానిన పత్తికి తేమ ఎంత చూపిస్తుందో ఆ నిబంధన రాసినవాళ్లకు తెలియదా? దానికి తోడు ఆ సీజన్‌లో అమ్ముకోవడానికి యాప్‌లో స్లాట్, ఎకరాకు ఏడు క్వింటాళ్ల పరిమితి పెట్టారు. మిగిలిందంతా దళారి చెప్పిన ధరకే.

పాల మీద ఢిల్లీ ఎందుకు గట్టిగా నిలబడింది? 2019 నవంబర్‌లో ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్‌లో చేరకుండా తప్పుకున్నప్పుడూ పాడి రైతుల ఒత్తిడి పనిచేసింది. పాలకు సహకార సంఘాలున్నాయి, వాటి వెనక కోట్ల ఓట్లున్నాయి. మిల్లుల యజమానులకూ ఢిల్లీ తలుపులు తట్టే సంఘాలున్నాయి. పత్తి రైతుకు ఏముంది? అమెరికాలో ఇలా కాదు. పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో గెలిస్తే, 2014లో 30 కోట్ల డాలర్లు చెల్లించి ఆ గొడవ ముగించుకుంది తప్ప, తన పత్తి రైతుల్ని వాషింగ్టన్ గాలికొదిలేయలేదు.

ట్రంప్ సుంకం దెబ్బ తగిలిన తిరుప్పూర్ బట్టల కార్మికుడి బతుకూ బతుకే. అతన్ని ఆదుకోవాల్సిందే, దానికి ఖజానా ఉంది. ఆ భారం జనగామ రైతు పంట ధర మీద ఎందుకు వేస్తారు?

తెలంగాణకు 17 మంది లోక్‌సభ ఎంపీలున్నారు. ఈసారి ఊళ్లోకి ఓటడగడానికి వస్తే, ఏ పార్టీ అని చూడకుండా ముందు ఇది అడుగుదాం: సుంకం ఎత్తేసిన నాడు మీరు ఎక్కడున్నారు, ఏం మాట్లాడారు? జవాబు చెప్పేదాకా మైకు ఇవ్వొద్దు.